వాకిలికి చదువు రాదు

మా అత్త నోట్లోంచి తెల్లగడ్డ వాసన వచ్చింది.

ఇందులో భయపడాల్సిందేముంది అంటారేమో. మా ఇంటి సంగతి తెలిస్తే అలా అనరు. మా అత్త మారెమ్మ మూడేళ్ళుగా తెల్లగడ్డ ముట్టదు. తింటే గుండెల్లో మంటట. తాను తినకపోతే పోనీ, ఇంట్లోకే రానివ్వదు. నేను కోడలిగా బుక్కరాయసముద్రం వచ్చిన రెండో వారం చెనిక్కాయల ఊరిమిండి పచ్చడిలో నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేశానని నా చేత రోలు మూడుసార్లు కడిగించింది. అత్తలేని కోడలుత్తమురాలని పెద్దలు ఊరికే అనలేదు. ఆ రోజు నుంచీ మా ఇద్దరి మధ్యా మాట మాటకూ మంటే.

అలాంటి మనిషి ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి అంట్లు తోమే జాలాడి దగ్గర కూర్చుని వాంతి చేసుకుంటోంది. ఏప్రిల్ నెల ఎండ. వడదెబ్బేమో అనుకుని వంగి, కొంగుతో ఆమె మూతి తుడిచాను. అప్పుడు కొట్టింది ఆ వాసన.

ఆ వాసన నాకు నాలుగేళ్ళుగా తెలుసు. వంటింట్లో కాదు, ల్యాబులో.

నా పేరు కృపాకుమారి. యూనివర్సిటీలో బాక్టీరియా మీద పరిశోధన చేస్తున్నాను. ఆ బాక్టీరియాను తెచ్చిపెట్టింది మా ఆయనే. విజయభాస్కర్ జియాలజీలో ఎమ్మెస్సీ చేసి, రైతులకు బోరు పాయింట్లు చూపించే పనిలో ఉన్నాడు. తనకల్లు దగ్గర ఒక చేలో నీళ్ళు పడతాయని చూపిస్తే వెయ్యి అడుగులకు పడ్డాయి, కుళ్ళిన గుడ్ల కంపుతో. ఆ రైతు మా ఆయన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయకూడదు. ఆ నీళ్ళు ఒక సీసాడు పట్టుకొచ్చి నాకిచ్చాడు. గంధకం తిని బతికే బాక్టీరియా ఒకటి అందులో దొరికింది. రైతుకు పనికిరాని నీళ్ళు నాకు పీహెచ్‌డీ అయ్యాయి.

బాక్టీరియా ఒంటి చుట్టూ ఒక పొర ఉంటుంది. ఆ పొరలో అక్కడక్కడా ప్రొటీన్లు ఇరుక్కుని ఉంటాయి. బయటివాటిని లోపలికి రానిచ్చేవి అవే. గంధకాన్ని రానిచ్చే ప్రొటీన్‌కు పెద్ద పేరుంది గానీ, మా ల్యాబులో అందరం దాన్ని వాకిలి అనే అంటాం. గంధకానికి ఒక తోబుట్టువు ఉంది, సెలీనియం. రెండిటికీ దాదాపు ఒకే పోలిక. గంధకమే అనుకుని ఈ వాకిలి సెలీనియాన్ని కూడా లోపలికి రానిస్తుందా అన్నది నా పరిశోధన. రానిస్తే ట్యూబు ఎర్రగా మారుతుంది. మా గైడు పద్మప్రియ మేడం ఎప్పుడూ అనేది: "వాకిలికి చదువు రాదమ్మా. ముఖం చూసి రానిస్తుంది, అంతే."

ఇంకో సంగతి కూడా ఉంది. సెలీనియం రవ్వంత ఒంటికి కావాలి. ఎక్కువైతే విషం. ఆ ఎక్కువైనదాన్ని వదిలించుకోవడానికి ప్రాణి దాన్ని ఒక గాలిగా మార్చి బయటికి తోస్తుంది. బాక్టీరియా అయినా అంతే, మనిషైనా అంతే. ఆ గాలి అచ్చం తెల్లగడ్డ వాసన.

నేను ముందింట్లోకి పరుగెత్తి అలమర తెరిచాను. పై అరలో పెట్టిన సీసా లేదు.

ఇక నా తప్పు చెప్పాలి. శనివారం మా ల్యాబులో ఒక యంత్రం చెడిపోయింది. సోమవారం టౌనులో ఇంకో కాలేజీలో పని చేసుకోమని మేడం అంది. కావలసిన మందులు సోమవారం పొద్దున వచ్చి తీసుకెళ్ళమని కూడా అంది. యూనివర్సిటీకి పోయి, మళ్ళీ వెనక్కి టౌనుకు రావడానికి నాకు బద్ధకం. పది గ్రాముల సోడియం సెలెనైట్ చిన్న గాజు సీసాలో వేసి, సీసాతో కలిపి తూచి, ఆ బరువు మూత మీద రాసి, సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేశాను. విషాలు గడప దాటించకూడదని జూనియర్లకు క్లాసు పీకేదాన్ని నేనే. సీసా మీద ఇంగ్లీషులో 'సెలెనైట్, ప్యూర్' అని రాశాను. ల్యాబులో మేమెవరం సోడియం అనం. పొద్దుకు ఇరవైసార్లు అనే మాటకు ముందు పేరు, ఇంటి పేరు ఎవరు తగిలిస్తారు?

సీసా వంటింట్లో కనిపించింది. తేనె బుడ్డి పక్కన.

"ఈ సీసా ఈడికెట్లొచ్చింది?" అని అరిచాను.

మా ఆయన స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చాడు. "నేనే పెట్టినా. పొద్దున అమ్మకు ఇచ్చినా. తలనొప్పి అనింది."

"ఏమిచ్చినావు?"

"గోదంతి. నువ్వే గదా తెచ్చినావు."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆ తర్వాత అర్థమైంది.

మా అత్తకు ఎండాకాలమంతా తలనొప్పి. గుమ్మఘట్ట నుంచి తిమ్మప్ప అనే నాటు వైద్యుడి పొట్లాలు తెప్పించుకుంటుంది, గోదంతి భస్మం అని. తేనెలో చిటికెడు కలిపి నాకుతుంది. గోదంతి అంటే జిప్సమే, చెనిక్కాయ చేలకు ఊడలు దిగేటప్పుడు చల్లే జిప్సం. దాన్నే కాల్చి పొడి చేస్తారు. జిప్సంలో అద్దంలా మెరిసే రకం ఒకటుంది. జియాలజీ చదివినవాళ్ళు దాన్ని సెలెనైట్ అంటారు. అందులో సెలీనియం నలుసంత కూడా ఉండదు. వెన్నెల రంగులో మెరుస్తుందని ఎవరో పెట్టిన పేరట. ఆయన చదువులో సెలెనైట్ అంటే రాయి. నా చదువులో సెలెనైట్ అంటే విషం. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద పడుకునే ఇద్దరికి ఒకే మాట, రెండు అర్థాలు.

"అది జిప్సం కాదు! విషం! మీ అమ్మకు విషం పెట్టినావు!"

"సెలెనైట్ అంటే జిప్సమే కృపా. నేను ఎమ్మెస్సీ చదివినా, నాకు చెప్తాండావా?"

చదవేస్తే ఉన్న మతి పోయిందని ఇందుకే అంటారు. కంపు నీళ్ళను మంచినీళ్ళని చూపించినవాడు విషాన్ని మందని చూపించడం ఎంతసేపు! ఆ మాట అనేశాను కూడా. ఆయన తెల్లబోయి చూశాడు.

"మొన్న నిన్ను అడిగినా గదా," అన్నాడు. "తిమ్మప్ప పొట్లంలో బూడిదే ఎక్కువుండాది, మీ ల్యాబులో మంచి జిప్సం ఉంటే అమ్మకు తెమ్మని. మీ అమ్మకు మందులు మోసేది నా పని కాదంటివి. పొద్దున సీసా చూసి, అట్లన్నా గూడా తెచ్చిందే అనుకున్నా. అమ్మకు చెప్తే శానా సంతోషపడింది."

నేను సీసాను సంచిలో వేసుకుని ఆటో కోసం పరుగెత్తాను.

ఆటోలో మా అత్తను మధ్యలో కూర్చోబెట్టుకున్నాం. చెరువు కట్ట దాటుతుంటే ఆమె ముక్కు చిట్లించింది. "తెల్లగడ్డ కంపు కొడతాంది. ఎవురు తిన్న్యారే?"

"ఆటో ఆయన తిన్నాడేమోలే అత్తా," అన్నాను.

"థూ," అని మొహం తిప్పుకుంది. ఆ కంపు తన ఊపిరిలోనిదేనని ఆమెకు తెలీదు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడిస్తే ఆమెకు తెలిసిపోతుందని నోరు నొక్కుకుని కూర్చున్నాను.

అనంతపురం పెద్దాసుపత్రిలో డ్యూటీ డాక్టరు శశికుమార్ చిన్నవాడు. కళ్ళు చూశాడు, నాడి చూశాడు. "వడదెబ్బ. సెలైన్ పెడదాం. పొద్దున్నుంచి ఇట్లాంటివి పదొచ్చినాయి."

"వడదెబ్బ కాదు సార్. సోడియం సెలెనైట్ మింగింది."

"సెలీనియమా? చుండ్రు షాంపూల్లో ఉంటాది, అదేనా?"

"అది వేరు, ఇది వేరు! ఇది ప్రాణం తీస్తుంది! ఆమె నోటి దగ్గర వాసన చూడండి!" వార్డంతా నా వైపు చూసింది. ఆయన వంగి వాసన చూశాడు. ఆ తర్వాత ఆయన మొహంలో నవ్వు లేదు. ఎవరికో ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడి వచ్చాడు. దీనికి విరుగుడంటూ లేదని, సెలైన్లు ఎక్కిస్తూ గుండె మీద కన్నేసి ఉంచాలని, రెండు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేనని అన్నాడు. "ఎంత మింగింది? అది తెలియాల."

"చిటికెడు," అన్నాడు మా ఆయన. "చిటికెడు కూడా కాదు సార్."

"నీ చిటికె ఎంతప్పా? నా చిటికె ఎంత?" అన్నాడు డాక్టరు.

నేను పద్మప్రియ మేడంకు ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. ఇక పీహెచ్‌డీ పోయినట్టే అనుకున్నాను. "మూత మీద బరువు రాశావా లేదా?" అని అడిగింది. "రాసినా మేడం." "అయితే ఏడుస్తూ కూర్చోకు. మళ్ళీ తూకం వేయించు."

ఆసుపత్రిలో అంత సన్నని తూకం ఎక్కడుంటుంది? గడియార స్తంభం దగ్గర ఒక బంగారం అంగడి ఆయన కొట్టు పైనే కాపురం ఉంటాడని డాక్టరే చెప్పాడు. మా ఆయన సీసాను రెండు సంచుల్లో చుట్టి పరుగెత్తాడు. ఇరవై నిమిషాలకు ఫోన్ చేసి అంకె చెప్పాడు. మూత మీది అంకెలోంచి తీసేస్తే గ్రాములో ఇరవయ్యో వంతు తక్కువ. నేను ఆ తీసివేత నాలుగుసార్లు చేశాను. ఒకటో తరగతి లెక్క, ప్రతిసారీ తప్పు చేస్తానేమోనని భయం.

డాక్టరు ఆ అంకె చీటీ మీద రాసుకుని, "అంచు మీదుంది," అన్నాడు. తర్వాత మామూలు గొంతుతో అడిగాడు. "దీన్ని మందని ఇంటికి తెచ్చినారా మీరు?"

మా అత్త కళ్ళు తెరిచి నా వైపే చూస్తోంది. అవునంటే, అత్త మీద ప్రేమతో తెచ్చి పొరపాటు చేసిన కోడలినవుతాను. అంత చిన్న అబద్ధం. కానీ అంత భయంలో అబద్ధం ఆడే తెలివి కూడా ఉండదు.

"కాదు సార్. ప్రయోగానికి తెచ్చినా."

"నాకోసరం కాదా?" అంది మా అత్త.

"కాదత్తా."

ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

సోమవారం తెల్లవారాక నా ఆడబిడ్డ సారా తనకల్లు నుంచి దిగింది. దిగడం దిగడమే నా జుట్టు పట్టుకోబోయింది. ఆదివారం పొద్దున మా అత్త తేనె చెంచా పట్టుకుని పక్కింటి నారాయణమ్మకు చూపించిందట, "నా కోడలు ల్యాబులోంచి మందు తెచ్చింది సూడు, అదే నయం నా కొడుకు కంటే" అని. ఆ ముక్క వీధంతా తిరిగి, సాయంత్రానికి తనకల్లు చేరింది. చేరేసరికి, కోడలు ల్యాబులోంచి విషం తెచ్చి అత్తకు పోసిందని అయింది.

"మా యమ్మను సంపి ఇల్లు ఏలుకోవాలనుకున్న్యావు గదే!"

"నేను కాదు వదినా..."

"నువ్వు తేందే అది ఇంట్లోకెట్లొచ్చింది?"

నిజమే మరి. ఆమె అరుపుల్లో ఆ ఒక్క ముక్క నిజం.

పదకొండింటప్పుడు మా అత్త నాడి పడిపోయింది. నర్సులు నన్ను బయటికి నెట్టి తెర లాగేశారు. లోపల యంత్రం కూత. తెర కింద నుంచి అటూ ఇటూ తిరిగే పాదాలు కనిపిస్తున్నాయి. నేను నేల మీద కూర్చుండిపోయాను.

మనిషి ఒంట్లోనూ అణువణువునా వాకిళ్ళే. నా బాక్టీరియావి ఒక రకం, ఇవి వేరే రకాలు. కానీ వీటికీ చదువు రాదు. ఇది మారెమ్మ గుండె, చెనిక్కాయ చేలలో కలుపు తీసి తీసి ముగ్గురు బిడ్డలను కని ఒకరిని పోగొట్టుకున్న గుండె అని ఆ విషానికి తెలీదు. నాలుగేళ్ళుగా ఎన్నిసార్లు ట్యూబులు పట్టుకుని, తెరుచుకో, రానియ్యి, ఎర్రగా కా అని బతిమాలానో! మొన్న గురువారం ట్యూబు ఎర్రబడితే ల్యాబులో ఎగిరి గంతేశాను. ఇప్పుడు అదే నోటితో, మూసుకో, ప్రభువా, అన్ని వాకిళ్ళూ మూసెయ్యి అని గొణుగుతున్నాను. గుండె ఆగిపోతుందని భయం. ఆగిపోతే ఆమె నాతో ఆడిన చివరి మాట "నాకోసరం కాదా?" అవుతుందని అంతకంటే భయం.

మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"నేను ఒక్క మాట అడిగుంటే సరిపోయేది," అన్నాడు.

"నేను ఒక్క మాట రాసుంటే సరిపోయేది," అన్నాను.

గంట తర్వాత తెర తీశారు. నాడి నిలబడింది. ఇంకా గండం గడవలేదని చెప్పి డాక్టరు వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఆసుపత్రి ఔట్‌పోస్టు నుంచి కానిస్టేబుల్ వచ్చాడు. విషం కేసు కాబట్టి వాంగ్మూలం రాసుకోవాలట. ఆయన కాగితం తియ్యగానే సారా నా వైపు వేలు చూపించింది. మా ఆయన లేచి, "నేనే ఇచ్చినా సార్, నన్ను రాసుకోండి," అన్నాడు. జైలు కనబడింది నాకు. మా పుట్టింటివాళ్ళు ములాఖత్ కోసం వాకిట్లో నిలబడడం కనబడింది.

"మీరెవరూ మాట్లాడొద్దు," అన్నాడు కానిస్టేబుల్. "అమ్మా, నీకు ఆ మందు ఎవరిచ్చినారు?"

మా అత్త కానిస్టేబుల్ వైపు తిరిగింది. పెదాలు పగిలి ఉన్నాయి. ఒక్కో మాటా లాక్కుని లాక్కుని చెప్పింది.

"నా కోడలు తెచ్చింది, నాకియ్యడానికి గాదు. నా కొడుకిచ్చినాడు, సంపడానికి గాదు. నేను తిన్న్యా, సావడానికి గాదు. రాసుకోప్పా."

కానిస్టేబుల్ పెన్ను పట్టుకుని నిలబడిపోయాడు. "ఇదెట్ల రాయాలమ్మా?"

"చెప్పింది చెప్పినట్టు రాయి. నీకు సదువొచ్చు గదా."

ఆయన రాసుకున్నాడు. ఆమె బొటనవేలికి సిరా పూసి ముద్ర వేయించుకుని వెళ్ళాడు. నేను దగ్గరికి పోబోతే ఆమె మళ్ళీ గోడ వైపు తిరిగింది. పోలీసుతో నిజం చెప్పడం వేరు, నాతో మాట్లాడడం వేరు.

మంగళవారం పొద్దున డాక్టరు శశికుమార్ గుండె ఈసీజీ చీటీలు చూసి, మొదటిసారి కుర్చీలో కూర్చున్నాడు. ఒంట్లో ఉన్నది పోవడానికి వారాలు పడుతుందని, జుట్టు ఊడొచ్చని, గోళ్ళు పాడవ్వొచ్చని చెప్పాడు. "కడుపులో ఏమన్నా నిలవాల. పల్చటి గంజి రెండు చెంచాలు పట్టండి. అది నిలిస్తే మనిషి నిలిచినట్టే. వాంతి అయితే మళ్ళా మొదటికొస్తాది."

సారా క్యాంటీన్ నుంచి గంజి తెచ్చింది. గ్లాసు అందుకోవడానికి అలవాటుగా చెయ్యి చాచాను. ఆమె గ్లాసును గుండెకు హత్తుకుని వెనక్కి జరిగింది.

"నీ చెయ్యి తగలనియ్యను. మా యమ్మ నోటికి ఇంక నీ చెయ్యి పోదు."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నిజం చెప్పాలంటే ఆమె అలా అన్నందుకు నాకు ప్రాణం కుదుటపడింది. గ్లాసు నా చేతికి వస్తే ఏం చెయ్యాలో నాకు తెలీదు.

"సారా," అంది మా అత్త గోడ వైపే చూస్తూ. "గ్లాసు దాని చేతికియ్యి."

"అమ్మా, నీకు మతి గాని..."

"ఇయ్యి. నీ ఊరికి నువ్వు పోతావు. నేను బతికితే దాని చేతి కూడే తినాల దినామూ. ఈ పొద్దు తినకుంటే ఇంగెప్పుడూ తినలేను."

సారా గ్లాసు మంచం పక్కన బల్ల మీద పెట్టింది. నా చేతికి ఇవ్వలేదు. నేను తీసుకున్నాను. మా అత్త మెల్లగా ఇటు తిరిగింది. మూడు రోజుల్లో కళ్ళు గుంటలు పడ్డాయి. ఊపిరిలో ఇంకా ఆ వాసన ఉంది. చెంచాలో గంజి తీశాను. చెంచా గ్లాసు అంచుకు తగిలి టకటకా కొట్టుకుంటోంది.

"నాకు భయమైతాంది అత్తా," అన్నాను.

మా అత్త చెంచా వైపు చూసింది, తర్వాత నా మొహం వైపు చూసింది.

"నాకూ అయితాంది పాపా," అంది. "గంజి పొయ్యి." నోరు తెరిచింది.